తలస్నానం తర్వాత జుట్టు చిక్కు

తల రుద్దుకుని నీళ్ళు పోసుకున్నాక వెంట్రుకలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని దువ్వెనకు అడ్డం పడటాన్ని చిక్కు అంటారు. మెడ వెనుక, చెవుల వెనుక, జడ చివరి మూడోవంతులో ఇది ఎక్కువ. అప్పుడే పడిన చిక్కు వేళ్ళతోనే విడిపోతుంది. వదిలేస్తే ముడిగా బిగుస్తుంది, ఇంకా వదిలేస్తే ఉండ కడుతుంది. అరుదుగా జుట్టంతా అట్టకట్టి, కత్తెర తప్ప దారిలేని స్థితి వస్తుంది. ఈ మెట్లన్నిటికీ మూలం వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య రాపిడే. దాన్ని పెంచేవేమిటో, తగ్గించేవేమిటో తెలిస్తే, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే జాగ్రత్తల్లో ఏవి నిజంగా పనిచేస్తాయో, ఏవి అలవాటు కొద్దీ సాగుతున్నాయో తేలిపోతుంది. చిక్కును అందరూ తలంటు తర్వాత వచ్చే బాధగానే చూస్తారు. నిజానికి అది పడేదీ పడనిదీ చాలావరకు మొదటి చెంబు నీళ్ళు పోసుకోకముందే ఖాయమవుతుంది.

వెంట్రుక పైపొర

మనిషి తల మీద ఉజ్జాయింపుగా లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నడుము దాకా దిగిన జడ కొస ఐదారేళ్ళ కిందటిది. అన్నేళ్ళ ఎండ, దువ్వెన, రబ్బరు బ్యాండు, షాంపూ అన్నీ చూసిన భాగం అదే. కుదురు దగ్గరి జుట్టు మెత్తగా జారుతుంటే చివర్లు మాత్రం పట్టుకుపోవడానికి కారణం ఈ వయసు తేడాయే.

వెంట్రుకలో ఎక్కువ భాగం కెరటిన్ అనే మాంసకృత్తి. నడిమి దళసరి భాగం బలాన్నిస్తుంది. దాన్ని కప్పి ఉంచే పైపొరను క్యూటికల్ అంటారు. తల వెంట్రుకలో ఈ పైపొర ఐదు నుంచి పది వరుసల పొలుసులతో ఉంటుంది. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి, అంచులన్నీ చివరి వైపు తిరిగి ఉంటాయి. అందుకే కుదురు నుంచి కొస వైపు వేలు జార్చితే నున్నగా, ఎదురు జార్చితే గరుకుగా తగులుతుంది. ఊడిన వెంట్రుక ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పట్టుకుని ముందుకూ వెనక్కూ రుద్దితే అది ఎప్పుడూ కుదురు వైపుకే జరుగుతుంది. ఏది కుదురో ఏది కొసో కంటికి తెలియకపోయినా వేళ్ళకు తెలుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక మీద ఇంకొక రక్షణ కూడా ఉంది. 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం పొలుసుల ఉపరితలానికి రసాయనికంగా అతుక్కుని పలుచని పూతలా ఉంటుంది. నీటిని దగ్గరికి రానివ్వదు, రాపిడిని తగ్గిస్తుంది. బ్లీచింగు, ఘాటైన హెయిర్ కలర్లు, స్ట్రెయిటెనింగు వంటి క్షారపు చికిత్సలతో ఇది ఊడిపోతుంది. ఒకసారి పోయిందంటే ఆ వెంట్రుకకు మళ్ళీ రాదు. కొత్తగా పెరిగే జుట్టుతోనే వస్తుంది. రంగు వేయించుకున్న నెల నుంచి చిక్కు ఎక్కువైందని చెప్పేవాళ్ళ అనుభవం ఊహ కాదు.

పొలుసుల దిశ ఎంత ముఖ్యమో జుట్టు వ్యాపారాన్ని చూస్తే తెలుస్తుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను పొడవును బట్టి వేరుచేసి తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుంది. తల నుంచి ఒకేసారి తీసిన జుట్టు కాబట్టి కుదుళ్ళన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉంచి కట్టలు కట్టవచ్చు. వ్యాపారులు దీన్ని రెమీ జుట్టు అంటారు. దానితో చేసిన విగ్గు ఎన్నిసార్లు కడిగినా అంతగా చిక్కుపడదు, కాబట్టి ధర ఎక్కువ. రెండో రకం మన వీధుల్లో దొరికేది. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఆడవాళ్ళు ఉండచుట్టి దాచిపెడితే, వీధిలోకి వచ్చే వ్యాపారి స్టీలు గిన్నెలిచ్చి తీసుకుపోతాడు. ఒకప్పుడు ఇలాంటి జుట్టుతోనే సవరాలు అల్లించుకునేవారు. ఇప్పుడు అది కర్ణాటకలోని కొప్పళ జిల్లా భాగ్యనగర్ వంటి చోట్లకు చేరుతుంది. అక్కడ ఆడవాళ్ళు రోజంతా కూర్చుని ఆ ఉండలను చేత్తో విడదీస్తారు. అయితే విడదీసిన వెంట్రుకల్లో సగం తలకిందులుగా ఉంటాయి. ఎదురెదురు పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని తడిసిన ప్రతిసారీ ముడిపడతాయి. అందుకని కొన్ని కర్మాగారాల్లో ఆమ్ల స్నానం చేయించి పొలుసులనే తీసేసి, పైన సిలికోన్ పూస్తారు. కొన్ని తలస్నానాలకు ఆ పూత పోతుంది, కొన్నవాళ్ళకు చిక్కు మొదలవుతుంది. సవరంగానీ హెయిర్ ఎక్స్‌టెన్షన్‌గానీ కొనేవాళ్ళు మెరుపు కన్నా ముందు అడగాల్సింది అది రెమీ జుట్టా కాదా అని.

మన తల మీది జుట్టు పుట్టుకతో రెమీయే. దాన్ని తలకిందులు చేసేది మనం. ఊడి జడలోనే ఉండిపోయిన వెంట్రుక అటూ ఇటూ తిరిగి ఎదురు దిశకు వస్తుంది. తలంతా గుండ్రంగా నలిపి రుద్దినప్పుడు పాయలు ఒకదాని మీదుగా ఒకటి దాటిపోతాయి.

తడిసినప్పుడు జరిగేది

వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకోగలదు. అప్పుడు దాని మందం సుమారు 15 శాతం పెరుగుతుంది, పొడవు మాత్రం ఒకటి రెండు శాతానికి మించి పెరగదు. లోపలి భాగం ఉబ్బడంతో పొలుసుల అంచులు కాస్త లేచి గరుకుదనం ఎక్కువవుతుంది. కెరటిన్ గొలుసుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు నీటితో తెగిపోవడం వల్ల వెంట్రుక మెత్తబడి సాగుతుంది. తడి వెంట్రుకను లాగితే పొడి వెంట్రుక కన్నా చాలా ఎక్కువ సాగి, తక్కువ బలానికే తెగుతుంది. ఒంగడం సులువు కాబట్టి ముడిపడటమూ సులువే. ఆరేటప్పుడు తెగిన బంధాలు మళ్ళీ ఏర్పడతాయి. ఆ సమయంలో జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారానికే బిగుస్తుంది. తడిగా ఉన్నప్పుడు వదులుగా పడిన ముడి ఆరాక గట్టిపడటానికి కారణం ఇదే.

ఇంకొక చిన్న లెక్క ఉంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వారానికి ఒకసారి తలంటుకుని, మిగిలిన రోజుల్లో జడ విప్పకుండా పైపైన దువ్వుకునేవారికి ఆ వారం రోజుల్లో ఊడిన మూడు నాలుగు వందల వెంట్రుకలు, ఒక్కోసారి అంతకు రెట్టింపు, జడలోనే ఉండిపోతాయి. నీళ్ళు పడగానే ఇవే ఊడకుండా ఉన్న జుట్టుకు చుట్టుకుంటాయి. తలంటిన రోజు గుప్పెడు జుట్టు చేతికి రావడం చూసి భయపడేవాళ్ళలో చాలామంది చూస్తున్నది వారం బాకీనే. కాన్పు తర్వాత మూడు నాలుగు నెలలకు జుట్టు ఎక్కువగా రాలే దశలో ఈ బాకీ ఇంకా పెద్దది. ఆ రోజుల్లో చిక్కు విపరీతంగా పడుతుంది.

కుంకుళ్ళు, శీకాయ, షాంపూ, ఉప్పునీళ్ళు

తెలుగు ఇళ్ళలో తరాలపాటు తలంటు అంటే కుంకుడుకాయలే. కాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానేసి పిసికితే వచ్చే నురగకు కారణం సాపోనిన్లు అనే పదార్థాలు. కళ్ళలో పడితే మంట, నోట్లో కాస్త ఉప్పు వేసి పిల్లల ఏడుపు ఆపడం, ఇవన్నీ ఆ తరం వాళ్ళందరికీ గుర్తే. కుంకుళ్ళు జిడ్డును బాగా లాగేస్తాయి. నూనె పట్టించని తలకు వాడితే జుట్టు పీచులా తయారవుతుంది. శీకాయ మెత్తని పద్ధతి, దాని రసం ఆమ్ల స్వభావం కలది. రెంటికీ పక్కన ఒక జిగురు పదార్థం చేర్చడం మన పెద్దల తెలివి. మందారాకు నలిపితే వచ్చే జిగురు, నానబెట్టి రుబ్బిన మెంతులు, బియ్యపు గంజి, కలబంద గుజ్జు, ఏదైనా సరే వెంట్రుకల మధ్య జారుడు పొరలా నిలిచి దువ్వెన దిగేలా చేస్తుంది. కండిషనర్ చేసే పనిలో సగం ఇదే.

షాంపూ మన పల్లెలకు చేరింది పొట్లాల రూపంలో. తమిళనాడులోని కడలూరు నుంచి సి.కె. రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన చిక్ వంటి షాంపూలు, చిల్లర డబ్బులకు దొరికే సాచెట్‌ను ప్రతి కిరాణా కొట్టు ముందూ తోరణం కట్టించాయి. షాంపూ వచ్చినంత వేగంగా కండిషనర్ రాలేదు. మందారాకు పోయింది, దాని స్థానంలోకి మరేదీ చేరలేదు. ఇవాళ్టికీ ఎన్నో ఇళ్ళలో షాంపూ తప్పనిసరి, కండిషనర్ మాత్రం సోకు. చిక్కు సంగతికి వస్తే ఈ ప్రాధాన్యం తారుమారుగా ఉండాలి.

కండిషనర్ పనితీరు విద్యుదావేశం మీద ఆధారపడి ఉంటుంది. తడి వెంట్రుక ఉపరితలం మీద, అందులోనూ దెబ్బతిన్న చోట్ల, ఋణావేశం ఎక్కువ. బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రైమోనియం క్లోరైడ్ వంటి ధనావేశ పదార్థాలు అక్కడికే వెళ్ళి అతుక్కుంటాయి. సెటైల్ ఆల్కహాల్ వంటి కొవ్వు ఆల్కహాళ్ళు, డైమెథికోన్ అనే సిలికోన్ వాటితో కలిసి రాపిడి తగ్గించే పొరనిస్తాయి. ఎక్కువ దెబ్బతిన్న కొసలే ఎక్కువ పూతను లాక్కుంటాయి కాబట్టి కండిషనర్‌ను మాడుకు రుద్దనక్కర్లేదు, చెవుల కిందినుంచి చివర్ల దాకా పట్టిస్తే చాలు. షాంపూ, కండిషనర్ కలిపి ఒకే సీసాలో ఇచ్చే ‘టూ ఇన్ వన్’ రకాలు 1980ల చివర్లో అమెరికాలో పెర్ట్ ప్లస్‌తో ప్రచారంలోకి వచ్చాయి. పొట్టి జుట్టుకు అవి సరిపోతాయి. వాలుజడకు చాలవు.

ఆమ్లత్వం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెంట్రుక ఉపరితలం సమతూకంలో ఉండే పీహెచ్ విలువ 3.67 దగ్గర. మాడు చర్మానిది దాదాపు 5.5. సబ్బుది 9కి పైనే. క్షారం పెరిగేకొద్దీ పొలుసులు లేచి, ఋణావేశం పెరిగి, వెంట్రుకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ చెదురుతాయి. బ్రెజిల్ చర్మవైద్యురాలు మరియా ఫెర్నాండా గవాజ్జోని డయాస్ బృందం 2014లో 123 షాంపూలను పరీక్షిస్తే 5.5 లేదా అంతకు తక్కువ పీహెచ్ ఉన్నవి 38 శాతమే. చివరి చెంబులో కాస్త నిమ్మరసం పిండుకోవడంలో అర్థముంది, పలుచగా ఉన్నంతవరకు. చల్లనీళ్ళతో ముగిస్తే పొలుసులు మూసుకుంటాయనే మాట అందం పత్రికలన్నీ చెబుతాయి గానీ, పొలుసుల మీద చల్లదనం కన్నా ఆమ్లత్వానిదీ కండిషనర్‌దీ పైచేయి.

బోరునీళ్ళు వాడే ఊళ్ళలో, హైదరాబాదు శివారు అపార్ట్‌మెంట్లలో వినిపించే ఫిర్యాదు ఇంకొకటి: నీళ్ళు మారాక జుట్టు అట్టకడుతోందని. అలాంటి కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బుతో కలిసి అవి కరగని తెట్టుగా మారి వెంట్రుకల మీద పేరుకుంటాయి. షాంపూతో తెట్టు ఏర్పడదు గానీ లవణాలు కొంత జుట్టుకు పడతాయి. తలకు సబ్బు మానేయడం, చివరి రెండు చెంబులు మంచినీళ్ళు పోసుకోవడం, వీలుంటే ఆ నీళ్ళలో నిమ్మరసం కలపడం సులువైన మార్గాలు. జుట్టు రాలడాన్నంతటినీ ఉప్పునీళ్ళ మీదికి నెట్టడం మాత్రం తొందరపాటు.

తలంటుకు ముందు

చిక్కు నివారణలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది పొడి జుట్టును ముందుగా పూర్తిగా దువ్వి చిక్కు తీయడం. ఊడిన వెంట్రుకలు దువ్వెనకే వచ్చేస్తాయి. తడవక ముందు విడిపోని ముడి తడిశాక రెండింతలు బిగుస్తుంది. ఐదు నిమిషాల ఈ పని చేయకుండా సీరమ్‌ల కోసం వెతకడం డబ్బు దండగ.

రెండోది నూనె. తలంటుకు ముందు కొబ్బరినూనె పట్టించే అలవాటుకు శాస్త్రం తోడైంది. ముంబయిలోని మారికో సంస్థ పరిశోధకులు ఆర్తీ రెలే, ఆర్.బి. మోహిలే 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చారు. కడిగేటప్పుడు వెంట్రుక నుంచి పోయే మాంసకృత్తిని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం చిన్నదీ తిన్ననిదీ కావడంతో వెంట్రుక లోపలికి చొరబడుతుంది. లోపల నూనె ఉన్న వెంట్రుక తక్కువ నీరు పీల్చి తక్కువ ఉబ్బుతుంది. మారికో కొబ్బరినూనె అమ్మే సంస్థ కదా అని సందేహించవచ్చు. అయితే కొబ్బరినూనె లోపలికి చేరుతుందన్న విషయాన్ని తర్వాతి పరిశోధనలూ బలపరిచాయి. ఆముదం దారి వేరు. అది చిక్కన, జిగట. ఒంటరిగా దట్టంగా పట్టిస్తే పాయలను అంటించేస్తుంది. ఆముదం వాడాలనుకుంటే కొబ్బరినూనెలో కొద్దిగా కలిపి, కుదుళ్ళకే పరిమితం చేయడం క్షేమం. అలా అన్నందుకు కారణం కింద వస్తుంది.

తల రుద్దే తీరు, ఆరబెట్టే తీరు

జుట్టునంతా నడినెత్తికి పోగుచేసి బట్టలు ఉతికినట్టు రుద్దడం చిక్కుకు ఆహ్వానం. జుట్టు వీపు మీదికి దాని సహజ దిశలో వేలాడుతుండగా, వేళ్ళ కొనలతో మాడును మాత్రమే రుద్దాలి. చివర్లు శుభ్రం కావడానికి పైనుంచి జారే నురగ చాలు. తల ముందుకు వంచి బకెట్ మీద పోసుకునే పద్ధతిలో జుట్టు ఎదురు తిరుగుతుంది కాబట్టి, పొడవు జుట్టువాళ్ళు నిలబడి లేదా పీట మీద నిటారుగా కూర్చుని పోసుకోవడం మేలు. కండిషనర్ ఉన్నప్పుడే వేళ్ళతో గానీ వెడల్పు పళ్ళ దువ్వెనతో గానీ చివర్ల నుంచి చిక్కు విడదీసి, ఆ తర్వాత కడగాలి.

ఆరబెట్టడంలో మన అలవాట్లు కొన్ని మంచివి, ఒకటి చెడ్డది. సాంబ్రాణి పొగ వేయడం, ఎండలో కాసేపు జుట్టు విరబోసుకుని కూర్చోవడం వల్ల నష్టం లేదు, పొగ ఎక్కువై కళ్ళూ ఊపిరీ ఇబ్బందిపడనంత వరకు. తువ్వాలుతో జుట్టును ఠపఠపా విదిలించి కొట్టడం మాత్రం మానాల్సిన పని. ఒక్కో దెబ్బకు తడి వెంట్రుకలు సాగి, ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుంటాయి. పోగులు లేచి ఉన్న టర్కీ తువ్వాలు కన్నా పాత నూలు తుండుగానీ బాగా మెత్తబడిన టీ షర్టుగానీ నయం. రుద్దకుండా పాయను దాంట్లో ఒత్తి నీరు లాగేయాలి. తడి జుట్టును బిగించి ముడివేసుకుని పనిలో పడటం, తడి తలతోనే పడుకోవడం రెండూ మర్నాటి చిక్కుకు పునాదులు. దిండు మీద రాత్రంతా నలిగేది మెడ వెనుక జుట్టే. వదులుగా ఒక జడ అల్లుకుని పడుకుంటే చాలు, ఖరీదైన పట్టు గలీబు లేకపోయినా.

హెయిర్ డ్రయ్యర్ అంటే చాలామందికి భయం. 2011లో కొరియాలో చేసిన ఒక ప్రయోగంలో, 15 సెంటీమీటర్ల దూరం నుంచి ఆగకుండా కదిలిస్తూ వాడినప్పుడు, జుట్టును దానంతటదే ఆరనిచ్చినప్పటికన్నా లోపలి పొరలకు తక్కువ నష్టం కనిపించింది. ఎక్కువసేపు తడిగా ఉబ్బి ఉండటం కూడా ఒక ఒత్తిడే. మితిమీరిన వేడి మాత్రం పైపొరను చెడగొడుతుంది. తడి జుట్టు మీద ఇస్త్రీ లాంటి ఫ్లాట్ ఐరన్ పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడతాయి. వైద్యులు దీన్ని బబుల్ హెయిర్ అంటారు. ఆ బుడగల దగ్గరే వెంట్రుక తెగి, తెగిన కొసలు కొత్త చిక్కులకు కొక్కేలవుతాయి.

చిక్కు తీయడం

సాఫీ జుట్టు, కొద్దిగా అలల జుట్టు ఉన్నవాళ్ళు కొంత ఆరనిచ్చి దువ్వడం మంచిదని, గిరజాల జుట్టువాళ్ళు తడిగా ఉన్నప్పుడే దువ్వాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సలహా. ఒకే ఇంట్లో అక్కకు పనికొచ్చిన పద్ధతి చెల్లెలికి పనికిరాకపోవడానికి ఇది చాలు. గిరజాల వెంట్రుక అడ్డుకోత గుండ్రంగా కాక చదునుగా, కోలగా ఉంటుంది, ప్రతి మలుపూ ఒక బలహీన స్థానం. పొడిగా దువ్వితే మలుపుల దగ్గర తెగుతుంది. ఆఫ్రికా సంతతి ప్రజల బిగుతు చుట్టల జుట్టులో ఒంటి వెంట్రుకే తనకు తాను ముడివేసుకోవడం కూడా మామూలు. వారి సంప్రదాయంలో జుట్టును నాలుగైదు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్నే కడిగి, కండిషనర్‌తో వేళ్ళతోనే విడదీసి, వెంటనే మెలిపెట్టి పక్కన పెట్టడం ఉంది. మన గిరజాల జుట్టువాళ్ళు నేర్చుకోదగ్గ పద్ధతి ఇది.

అయితే ఎక్కువ చిక్కుపడేది గిరజాల జుట్టేనన్న నమ్మకం అంత గట్టిది కాదు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్-బాప్టిస్ట్ మాసన్ 2007లో క్షౌరశాలల్లో చిక్కులు లెక్కపెట్టించి చూస్తే, సాఫీ జుట్టులో గిరజాల జుట్టుకు దాదాపు రెట్టింపు చిక్కులు తేలాయి. సాఫీ వెంట్రుకలు ఒకదాన్నొకటి తక్కువసార్లే తాకినా, తాకినప్పుడు పెద్ద కోణంలో దాటుకుంటాయని ఆయన వివరణ. గిరజాల జుట్టులో పడిన చిక్కు తీయడం కష్టం, పడేవి మాత్రం తక్కువ.

ఎక్కడి నుంచి దువ్వాలన్న ప్రశ్నకు అమ్మమ్మల జవాబు ఎప్పుడూ చివర్ల నుంచి అనే. హార్వర్డ్‌లో పనిచేసే భారత సంతతి గణిత శాస్త్రవేత్త ఎల్. మహదేవన్ ఇద్దరు సహచరులతో కలిసి 2022లో దీన్ని లెక్కల్లో చూపించారు. మెలిపడిన రెండు పోగులను ఒకే పన్నుతో దువ్వినట్టు నమూనా తీసుకుని, మెలికలు ఎలా కదులుతాయో కొలిచారు. పైనుంచి ఒక్కసారిగా లాగితే మెలికలన్నీ కిందికి నెట్టుకొచ్చి ఒకచోట కిక్కిరిసి బిగుస్తాయి. స్వేచ్ఛగా ఉన్న కొస దగ్గర చిన్న చిన్న దువ్వుళ్ళతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళితే, ప్రతి దువ్వుకూ కొన్ని మెలికలు కొసలోంచి బయటికి జారిపోతాయి, నొప్పీ తక్కువ. చిన్న కూతురి జుట్టు దువ్విన తండ్రిగా ఈ ప్రశ్న మీద ఆయనకు ఆసక్తి కలిగిందట.

చేతిలో పద్ధతి ఇలా ఉంటుంది. జుట్టును నాలుగు పాయలు చేసుకుని, ఒక పాయను ముడి పైభాగంలో ఎడమచేత్తో గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు లాగుడు కుదుళ్ళ దాకా పోదు, పిల్లలు ఏడవరు. చివరి రెండు మూడంగుళాలు విడిపోయాక మరో రెండంగుళాలు పైకి. మొండి ముడి తగిలితే దువ్వెన పక్కనపెట్టి, నాలుగు చుక్కల కొబ్బరినూనె గానీ కండిషనర్ గానీ ముడికి పట్టించి, వేళ్ళతో దాని అంచుల నుంచి రెండు మూడు వెంట్రుకలు చొప్పున బయటికి లాగాలి. నడిమధ్య నుంచి కాదు. మరీ గట్టిదైతే క్రోషే సూదిగానీ దువ్వెన వెనుక కాడగానీ లోపలికి పోనిచ్చి వదులు చేయవచ్చు. కత్తిరించక తప్పకపోతే ముడిని అడ్డంగా కాక నిలువుగా రెండు మూడు చీలికలు చేస్తే, చాలా జుట్టు పొడవు మిగిలి ముడి దానంతటదే విడుతుంది.

పరికరాల సంగతి క్లుప్తంగా చాలు. వెడల్పు పళ్ళ దువ్వెన ముందు, సన్నపళ్ళది తర్వాత, పేల దువ్వెన పేలకే. లండన్ క్షౌరవృత్తి నిపుణుడు షాన్ పల్ఫ్రీ రూపొందించిన టాంగిల్ టీజర్ రకం బ్రష్‌లో పొడుగూ పొట్టీ పళ్ళు వంగుతూ ముడిని దశలవారీగా విప్పుతాయి. 2007లో బ్రిటిష్ టీవీ కార్యక్రమం ‘డ్రాగన్స్ డెన్’లో పెట్టుబడిదారులు దాన్ని తిరస్కరించారు, ఆ తర్వాత అది ప్రపంచమంతా అమ్ముడుపోయింది. పదును అంచులున్న చౌక ప్లాస్టిక్ దువ్వెన కన్నా కొయ్య దువ్వెనతో స్థిర విద్యుత్తు తక్కువ, అయితే దాని పళ్ళు నున్నగా ఉన్నాయో లేదో వేలితో చూసుకుని కొనాలి.

అట్టకట్టడం, జడలు కట్టడం

కొన్నిసార్లు ఒకే ఒక తలంటుతో జుట్టంతా ముద్దగా మారిపోతుంది. వైద్య సాహిత్యంలో దీన్ని హఠాత్తు ఫెల్టింగు అంటారు. ఉన్నిని తడిపి నలిపి కంబళిగా చేసేటప్పుడు పోగుల పొలుసులు పట్టుకునే తీరే ఇక్కడా జరుగుతుంది. 2017లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీలో వచ్చిన ఒక నివేదికలో, ఆముదం, కొబ్బరినూనె పట్టించుకుని తలస్నానం చేసిన 20 ఏళ్ళ యువతి పొడవైన జుట్టు రాయిలా గట్టిపడి, చివరికి కత్తిరించాల్సి వచ్చింది. ఆముదం జిగటదనాన్ని వైద్యులు ప్రధాన కారణంగా భావించారు. ఇలాంటి సంఘటనలు చాలా అరుదు. జరిగితే మాత్రం మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోసి రుద్దడం అన్నిటికన్నా చెడ్డ పని. అప్పటికప్పుడు రుద్దడం ఆపి, కండిషనర్ దట్టంగా పట్టించి, పొడిగా ఉన్న అంచుల నుంచి ఓపికగా విడదీయాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఎక్కువ జుట్టు దక్కుతుంది.

నెమ్మదిగా అట్టకట్టడం ఎక్కువగా కనిపించేది మంచం పట్టినవాళ్ళలో. తల వెనుక భాగం రోజుల తరబడి దిండుకు రాసుకుంటుంది, దువ్వేవాళ్ళు ఉండరు. పొడవు జుట్టున్న రోగికి పాపిడి తీసి చెవుల పక్కన రెండు జడలు వేయడం నర్సులకు నేర్పే పాఠం. ఇంట్లో ముసలివాళ్ళను చూసుకునేవాళ్ళూ, ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళూ పాటించాల్సినదే. తల వెనుక ఒకే జడ ఉంటే దాని మీదే పడుకోవాల్సి వస్తుంది.

ఐరోపాలో ఇదొక భయంగా మారిన చరిత్ర ఉంది. పోలండ్ ప్రాంతంలో అట్టకట్టిన జుట్టును ప్లైకా పోలోనికా అని పిలిచేవారు. ఒంట్లోని రోగం జుట్టులోకి దిగిందని, కత్తిరిస్తే గుడ్డితనమో పిచ్చో వస్తుందని నమ్మేవారు. 19వ శతాబ్దంలో క్రాకోవ్ వైద్యాచార్యుడు యుజెఫ్ డీట్ల్ ఇది రోగం కాదని, దువ్వకపోవడం, పేలు, మురికి దీనికి కారణాలని వాదించి కత్తిరింపులకు నడుం కట్టాడు. ఆయనే తర్వాత 1866లో ఆ నగర మేయరయ్యాడు.

మన దగ్గర నమ్మకం దైవం వైపు తిరిగింది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణల్లో ఆడపిల్ల తలలో జడ కట్టిందంటే ఎల్లమ్మ తల్లి పిలిచిందని చెప్పి, దేవదాసిగా, జోగినిగా వదిలేసిన ఉదంతాలున్నాయి. పేదరికంలో నూనె, నీళ్ళు, దువ్వే తీరిక కరువైన తలకు పడిన చిక్కే ఒక జీవితాన్ని తీర్మానించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలా దేవతకు అంకితం చేయడాన్ని 1988 చట్టం నిషేధించింది. పొరుగున మహారాష్ట్రలో, నరేంద్ర దాభోల్కర్ 1989లో స్థాపించిన అంధశ్రద్ధా నిర్మూలన సమితి కార్యకర్తలు ఊరూరా తిరిగి, ఆ స్త్రీలను ఒప్పించి జడలు తీయిస్తున్నారు. ఏళ్ళ తరబడి మోసిన బరువు వల్ల మెడనొప్పి, దురద, కడిగే వీలు లేక మాడు మీద పుండ్లు వారిలో మామూలు. తనంతట తాను కోరి జటలు పెంచుకునే సాధువుల సంగతి, డ్రెడ్‌లాక్స్ వేసుకునే యువకుల సంగతి వేరు. అక్కడ చిక్కు ఎంపిక.

వైద్యుణ్ణి చూడాల్సినప్పుడు

అలవాట్లేవీ మారకుండానే కొన్ని వారాల్లో జుట్టు గరుకెక్కి చిక్కుపడటం మొదలైతే థైరాయిడ్ లోపాన్ని పరీక్షించుకోవడం సబబు. దువ్వినప్పుడు కుదురుతో కాక మధ్యలో తెగిన చిన్న ముక్కలు రాలుతుంటే, వెంట్రుక మీద తెల్లని చుక్కల్లాంటి గణుపులు కనిపిస్తే అది ట్రైకోరెక్సిస్ నోడోసా కావచ్చు. వేడి, రసాయనాలు, మోటు దువ్వుడు దీనికి మామూలు కారణాలు. చిన్నపిల్లల్లో మెడ వెనుక జుట్టు ఎప్పుడూ ఉండకట్టి, లాగితే నొప్పి లేకుండా చేతికి వచ్చేస్తుంటే లూజ్ ఎనాజెన్ సిండ్రోమ్‌ను వైద్యులు పరిశీలిస్తారు. వయసుతో అది చాలావరకు నెమ్మదిస్తుంది. ఏ నూనెకూ ఏ దువ్వెనకూ లొంగకుండా నిక్కబొడుచుకుని ఉండే అన్‌కోమబుల్ హెయిర్ సిండ్రోమ్ పుట్టుకతో వచ్చే అరుదైన స్థితి. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన రెజీనా బెట్జ్ బృందం 2016లో దానికి మూడు జన్యువుల్లో లోపాలను గుర్తించింది. ఆ పిల్లల జుట్టును చిక్కు తీసినట్టు లాగి దువ్వకూడదు. మెత్తని బ్రష్, కండిషనర్ చాలు, చాలామందికి ఎదిగేకొద్దీ అది దారికొస్తుంది.